టెలివిజన్ సిఫారసులు - పల్లె ప్రజల ఆరోగ్యము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు గావించిన ప్రసంగ పాఠము)



మురుగు కాలువలు, మంచినీటి ట్యాంకులు, వీధి దీపములు - వీనిని గురించి నిన్నను మొన్నను పెద్దలు మీకు వివరముగా చెప్పియున్నారు. నాకు ఒప్పగించిన విషయము వేరు. అది మీ పంచాయతీ లెక్కలలో ఏ పద్దు క్రిందను కనుపించదు. అయినను ప్రతి నెలయు మీ గ్రామమునుండి బయటకు పోవుచున్న సొమ్ములో దానికిని ఒక వాటా గలదు. టెలివిజన్‌లో పేరు పొందినవారు మంచిదని చెప్పినంత మాత్రమున, ఆరోగ్యము కొరకై జనులు ఎగబడి కొనుచున్న పొడులు, మాత్రలు, నూనెలు, టానిక్కులు - వీనిని గురించి నేను మాటలాడదలచినాను.

ఈ వ్యాపారము క్రొత్తది కాదు. నా చిన్నతనమున పత్రికల చివరి పుటలలో బలమునకు, సంతానమునకు, ఒత్తైన జుట్టునకు మందుల ప్రకటనలు ఉండెడివి. ఒక కార్డు ముక్క వ్రాసి పడవేసినచో వి.పి. పార్సెలు వచ్చెడిది. తపాలా బంట్రోతు చేతిలో సొమ్ము పెట్టిన పిమ్మటనే మూట విప్పవలెను. నేడు తపాలా బంట్రోతుకు బదులు కొరియరు కుర్రవాడు వచ్చుచున్నాడు. ముందు చెల్లించి తరువాత విప్పుట యను పద్ధతి చాలవరకు అట్లే యున్నది. మారినది ఒక్కటే. నాటి ప్రకటనలో అక్షరములు మాత్రమే యుండెడివి. నేడు అందులో ఒక ముఖము గలదు. ఆ ముఖము ప్రతి సాయంకాలము మన నట్టింటిలోనికి వచ్చుచున్నది. సీరియలులో అత్తగా ఏడ్చినది, ఆటల పోటీలో గెలిచినది, ప్రాతఃకాలమున యోగాసనములు నేర్పినది ఆ ముఖమే. ఏండ్ల తరబడి చూచుటచేత అది మనకు బంధువు ముఖమైపోయినది. బంధువు చెప్పిన మందును ఎవరు కాదందురు?

జనులు మూఢులు గనుక కొనుచున్నారని కొందరు చదువుకొన్నవారు అందురు. ముప్పది యేండ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో పనిచేసిన నేను ఆ మాటకు ఒప్పుకొనను. చక్కెర వ్యాధి గల రైతు మా యొద్దకు వచ్చినచో బారులో గంటన్నర నిలుచుండెడివాడు. నేను అతనితో మాటలాడెడిది రెండు నిమిషములు. ఆ రెండు నిమిషములలో చెప్పెడిదేమి? అన్నము తగ్గించుము, నడువుము, ఈ మాత్రలు జీవితాంతము వేసికొనుము అని. అతడు మరేదో అడుగబోవునంతలో వెనుకనున్నవాడు ముందుకు వచ్చెడివాడు. అదే రైతు ఇంటికి పోయి టెలివిజన్ పెట్టినచో, అందులో ఒక పెద్దమనిషి అరగంట సేపు తీరికగా, నవ్వుచు, పేరుపేరున పలుకరించుచు, మూడు నెలలలో మాత్రలన్నియు మానివేయవచ్చునని చెప్పుచున్నాడు. నేను జీవితాంతమన్నాను. ఆయన మూడు నెలలన్నాడు. ఎవరి మాట తియ్యగా వినబడును? ఇందులో మా వైద్యుల లోపము చాలా గలదు. అది ఒప్పుకొనకుండ మిగిలినది మాటలాడుట న్యాయము కాదు.

అరగంట కార్యక్రమమని మనము అనుకొనుచున్నది తరచుగా కార్యక్రమమే కాదు. అమ్మువారు టెలివిజన్ సంస్థకు వెలయిచ్చి కొనుక్కొన్న సమయమది. నడుమ ఫోను చేసి, మాకు బాగుగా తగ్గినదని చెప్పువారు ఎవరో, ఏ ఊరివారో మనకు తెలియదు. ఇది ప్రకటన అని తెలుపు అక్షరములు తెర అడుగున ఒక్క క్షణము మెరసి మాయమగును. మా ఇంటి ముందువారి ముసలమ్మగారు వానిని చదువుటకు కళ్ళజోడు తెచ్చుకొనులోపల అవి పోయినవి.

ఇప్పుడు అమెరికా దేశమున జరిగిన ఒక సంగతి చెప్పెదను. అది మనకెందుకని మీరనవచ్చును. అచ్చటి ప్రభుత్వము విచారణ జరిపి వివరములను బయటపెట్టినందున, లోపల నడచినదంతయు తేటతెల్లముగా తెలియవచ్చినది. అదిగాక, ఆ కథకు మూలము మన భారతదేశముననే యున్నది.

మెహ్మెట్ ఆజ్ అను ఆయన కొలంబియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా పనిచేసిన గుండె శస్త్రచికిత్సా నిపుణుడు. నటుడు కాదు, నిజమైన వైద్యుడు. 2009 నుండి 2022 వరకు ఆయన పేరుతోనే ఒక టెలివిజన్ కార్యక్రమము నడచినది. ఆయన నోట ఒక వస్తువు పేరు వచ్చినంతనే దుకాణములలో అది చెల్లిపోవుచుండుటచేత, దానికి 'ఆజ్ ప్రభావము' అను పేరే పడినది. 2012లో ఆయన కార్యక్రమమున, వేయించని పచ్చి కాఫీ గింజల సారమును గురించి చెప్పబడినది. ఆహార నియమము అక్కరలేదట, వ్యాయామము అక్కరలేదట, ఆ సారము పుచ్చుకొన్నచో ఒంటిలోని కొవ్వు కరగిపోవునట! వెంటనే జనులు ఆ సీసాల కొరకు ఎగబడిరి. ఆ కార్యక్రమము వెలువడిన కొలది వారములలోనే ఒక వ్యాపార బృందము పచ్చి కాఫీ మాత్రలను నెలకు సుమారు 50 డాలర్ల వెలకు అమ్మసాగినది. ఆ బృందమువారు వార్తా సంస్థల వలె కనుపించు బూటకపు పుటలను సృష్టించి, డాక్టరుగారి కార్యక్రమపు దృశ్యములను వానిలో చేర్చిరి. ఆ కార్యక్రమమునకు అతిథిగా వచ్చి ఈ గింజలను పొగడిన మరియొక పెద్దమనిషి, అది ప్రసారము కాకమునుపే తన సొంత సరకును అమ్ముటకు ఏర్పాట్లు చేసికొన్నాడని ప్రభుత్వము ఆరోపించగా, 2015లో ఆయనయు ఆయన సంస్థలును 90 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనిరి.

ఇంతకు, కొవ్వు కరగునని ఎవరు తేల్చిరి? టెక్సాస్ రాష్ట్రములోని ఒక సంస్థ 2010లో సొమ్ము చెల్లించి మన దేశములోని పరిశోధకులచేత ఒక పరీక్ష చేయించినది. ఆ పరీక్షలో పాల్గొన్నవారు ఎందరని మీ ఊహ? వేయిమందియా, వందమందియా? 16 మంది. ఒక వార్డులోని ఒక వీధి వారి కంటె తక్కువ! ఆ 16 మందికి 22 వారములలో సగటున 8 కిలోల బరువు తగ్గినదని 2012లో ఒక పత్రికలో ప్రకటించిరి. తరువాత అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారు విచారించి తెలిపినదేమనగా, పరీక్ష నడిపిన ముఖ్య పరిశోధకుడు బరువుల అంకెలను పలుమార్లు మార్చినాడు; పరీక్ష జరిగిన కాలమును మార్చినాడు; ఎవరికి మందు ఇచ్చిరో, ఎవరికి ఉత్త మాత్ర ఇచ్చిరో అదియు తారుమారు చేసినాడు. అంతకంటె వింత ఏమనగా, పాల్గొన్నవారికి తిండి తగ్గించి ఎక్కువగా నడువుడని ముందే చెప్పియుండిరి! తిండి తగ్గించి నడచినవారు బరువు తగ్గుటకు కాఫీ గింజ యెందుకు? 2014 సెప్టెంబరులో ఆ టెక్సాస్ సంస్థ 35 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది. అక్టోబరులో ఆ పరిశోధనా వ్యాసము ఉపసంహరింపబడినది. అప్పటికి సీసాలు కొన్నవారు కొననే కొనిరి.

అదే 2014 జూన్ 17వ తేదీన అమెరికా సెనేటు ఉపసంఘము డాక్టరు ఆజ్‌ను పిలిపించి ప్రశ్నించినది. ఆయా వస్తువులను తాను అమ్ముట లేదనియు, తన బొమ్మను ఇతరులు అనుమతి లేకుండ వాడుకొనుచున్నారనియు ఆయన చెప్పినాడు. అయితే తాను మెచ్చుకొన్న కొన్నిటికి శాస్త్రము నిలువగల రుజువు లేదని కూడ ఒప్పుకొన్నాడు. ఆ సంవత్సరము డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను వైద్య పత్రిక ఒక లెక్క ప్రచురించినది. ఆయన కార్యక్రమములు 40 తీసికొని, అందు చేసిన సిఫారసులను పరిశీలింపగా, రుజువు ఉన్నవి నూటికి 46. రుజువునకు విరుద్ధమైనవి 15. ఏ రుజువును దొరకనివి 39. చదువుకొన్న వైద్యుని మాటయే సగమునకు పైగా ఆధారము లేక నడచినదన్నమాట.

నిజమైన వైద్యుడు, అమ్మకముతో తనకు సంబంధము లేదని చెప్పుకొన్నవాడు పలికిన మాటకే ఇట్టి గతి పట్టినప్పుడు, సొమ్ము పుచ్చుకొని ఇతరులు వ్రాసియిచ్చిన మాటలను అప్పగించు నటుని సంగతి చెప్పవలెనా? తెల్లకోటు వేసికొని ప్రకటనలో నిలుచున్న వ్యక్తిని చూచి కూడ భ్రమపడవలదు. మన దేశమున ఆధునిక వైద్యుల వృత్తి నియమావళి (2002) ప్రకారము వైద్యుడు ఏ మందునకును ప్రకటనలో సిఫారసు ఇయ్యరాదు, సొమ్ము పుచ్చుకొన్నను సరే, పుచ్చుకొనకున్నను సరే. కనుక ఆ కోటు తరచుగా దర్జీవాడు కుట్టినదే గాని కళాశాల ఇచ్చినది కాదు. ఇటీవల మరియొక చిక్కు వచ్చినది. పేరుగల వైద్యుల, నటుల ముఖములను, గొంతులను యంత్రసహాయముతో కల్పించి, వారెన్నడును చెప్పని మాటలు చెప్పించుచున్నారు. సెల్‌ఫోనులో మీరు చూచుచున్న ఆ మనిషికి ఆ మందు పేరైనను తెలియకపోవచ్చును.

మన చట్టములు ఏమి చెప్పుచున్నవి? 1954లోనే పార్లమెంటు మందుల, అద్భుత చికిత్సల ప్రకటనలపై ఒక చట్టము చేసినది. చక్కెర వ్యాధి, రక్తపు పోటు, క్యాన్సరు, పక్షవాతము, మూర్ఛ, స్థూలకాయము మొదలైన వ్యాధుల పట్టిక అందు గలదు. ఆ వ్యాధులను కుదుర్చుననిగాని, రాకుండ ఆపుననిగాని ఏ మందునకును ప్రజలకు ప్రకటన చేయరాదు. ప్రకటన యనగానేమి? కాగితము, చీటీ మాత్రమే కాదు. నోటితో చెప్పినదియు, వెలుతురు, ధ్వని, పొగ - వీనిచేత తెలిపినదియు ప్రకటనయే యని ఆ చట్టము చెప్పుచున్నది. పొగ ఎందుకు చేర్చిరో యని నేను చాలాకాలము నవ్వుకొంటిని. కాని వెలుతురు, ధ్వని అను రెండు మాటలలో, నాటికి మన దేశమున లేని టెలివిజన్ కూడ ఇమిడిపోయినది.

చట్టము ఉన్నంత మాత్రమున ప్రకటనలు ఆగలేదని మీరందరును ఎరుగుదురు. 2022లో భారత వైద్య సంఘమువారు సుప్రీం కోర్టుకు పోయిరి. టెలివిజన్‌లో యోగా నేర్పుట ద్వారా దేశమంతట ప్రసిద్ధుడైన రాందేవ్ గారికి సంబంధించిన పతంజలి ఆయుర్వేద సంస్థ ప్రకటనలు ఆ వ్యాజ్యమునకు మూలము. 2023 నవంబరులో ఆ సంస్థ ఇచ్చిన హామీ నిలుపుకొనలేదని 2024లో కోర్టు ధిక్కార చర్య ఆరంభించినది. పత్రికలలో బహిరంగ క్షమాపణ ప్రచురింపబడిన మీదట, ఆగస్టులో ఆ చర్యను ముగించినది. 2025లో అసలు వ్యాజ్యము కూడ ముగిసినది. మనకు కావలసినది 2024 మే 7వ తేదీ నాటి మాట. తప్పుదారి పట్టించు ప్రకటనకు తయారు చేసినవారు ఎంత బాధ్యులో, దానిని సిఫారసు చేసిన ప్రసిద్ధ వ్యక్తులును అంతే బాధ్యులని కోర్టు ఆనాడు చెప్పినది. ఆ ధర్మాసనమునకు నాయకత్వము వహించిన హిమా కోహ్లీ గారు అంతకు మునుపు తెలంగాణ హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారే.

నేను ఆయుర్వేదమును నిందించుచున్నానని ఎవరును అనుకొనవలదు. మా తాతగారు నాడి చూచి మందు ఇచ్చెడివారు. రోగిని చూడకుండ, నాలుక చూడకుండ, పల్లెల్లో అందరికిని ఒకే డబ్బా పంపు పద్ధతి ఆయన ఎరుగరు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద కేంద్రమున ఒక ప్రాధికార సంస్థ ఏర్పడినది. తప్పుదారి పట్టించు ప్రకటనకు తయారీదారునకు గాని, సిఫారసు చేసినవారికి గాని అది 10 లక్షల రూపాయల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా విధింపగలదు. సిఫారసు చేసినవారిని ఒక సంవత్సరము, మరల చేసినచో మూడు సంవత్సరముల వరకు ఏ వస్తువునకును సిఫారసు చేయరాదని నిషేధింపవచ్చును. అయితే ఆ వస్తువు గుణమును తాము తగినంతగా విచారించి చూచితిమని వారు రుజువు చేసికొన్నచో జరిమానా ఉండదు. అనగా చట్టము వారిని అడుగునది ఇదే: ముఖము అరువిచ్చుటకు మునుపు నీవు విచారించితివా?

ఇచ్చట నేను నా సంగతి ఒకటి చెప్పవలసియున్నది.

సుమారు పదేండ్ల క్రిందటి మాట. నేను పనిచేయు మండలములోని ఒక గ్రామమునకు ఒక సంస్థవారు వచ్చి ఉచిత ఆరోగ్య శిబిరము పెట్టెదమనిరి. వారి పొడిని ఒక టెలివిజన్ తార సిఫారసు చేయుచున్నది. ఆమె నిలువెత్తు బొమ్మను కూడ వెంట తెచ్చిరి. పంచాయతీ కార్యాలయమే స్థలము. సర్పంచిగారు రిబ్బను కత్తిరించినారు. అటువైపు టీకాల పని మీద పోయిన నన్ను, వచ్చి వేదికమీద పది నిమిషములు కూర్చుండుడని బ్రతిమాలిరి. మర్యాద కొరకు కూర్చుంటిని. శాలువ కప్పిరి. నేను ఒక్క మాటయు మాటలాడలేదు. ఆ పొడిలో ఏమున్నదో అడుగనైనను లేదు. ఫొటో తీసిరి.

ఏడు నెలల తరువాత ఆ గ్రామపు రైతు ఒకడు కుంటుచు మా ఆరోగ్య కేంద్రమునకు వచ్చినాడు. చక్కెర వ్యాధి కలవాడు. ఆరోగ్య కేంద్రమున ఊరకనే ఇచ్చు మాత్రలు క్రమముగా వేసికొనుచుండినవాడు. ఆ పొడి మూడు డబ్బాలు 4,800 రూపాయలకు కొన్నాడు. అది అతని గేదె పాల సొమ్ము. మాత్రలు మానివేసినాడు. అరికాలిలో ముల్లు గ్రుచ్చుకొని పుండైనది. స్పర్శ లేనందున తెలియలేదు. జిల్లా ఆసుపత్రిలో రెండు వ్రేళ్ళు తీసివేసిరి. ఆ వార్త విని నేను అతని ఇంటికి పోయి, కొంచెము కోపముగానే, "టీవీలో ఎవరో చెప్పిందని మాత్రలు మానేస్తావా?" అని అడిగితిని. అతడు కోపపడలేదు. "టీవీలో ఆవిణ్ణి చూసి కొనలేదు డాక్టరుగారూ. ఆ రోజు మీరూ సర్పంచిగారూ అక్కడ కూర్చున్నారు గదండీ, అందుకని కొన్నాను" అన్నాడు.

దానికి నేను ఏమి బదులు చెప్పగలను? తారయొక్క ముఖము అతనిని వాకిలి వరకు తెచ్చినది. లోపలికి తెచ్చినది నా శాలువ.

అందుచేత సర్పంచులారా, సభ్యులారా, టెలివిజన్ తారను గురించి విన్నదంతయు మిమ్ములను గురించి కూడ అనుకొనుడు. మీ గ్రామమున మీ ముఖమునకు విలువ గలదు. మిమ్ములను ఎన్నుకొన్నవారు మీరు కూర్చున్న వేదికమీద అమ్మినదానిని మీరు మెచ్చినట్లే తలంతురు. పంచాయతీ భవనము మీ అధీనమున నున్నది. శిబిరము పెట్టెదమని వచ్చినవారిని, వైద్యుడెవరు, ఆయన రిజిస్ట్రేషను సంఖ్య యేమి, ఇచ్చట ఏమైనను అమ్మెదరా అని ముందుగా అడుగుడు. అమ్మెదమన్నచో ఆ భవనము ఇయ్యవలదు. ఆ సంగతి మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి ఒక ఫోను చేసి చెప్పుడు. ఈ మాట చెప్పుట కొంచెము కష్టమే. వచ్చినవారు తరచుగా మీకు తెలిసినవారి బావమరదులే అయియుందురు.

ఇప్పటికే మోసపోయినవారు మీ యొద్దకు వచ్చినచో ఏమి చేయవలెను? ముందుగా మాత్రలు మానినారా అని అడుగుడు. మానియున్నచో ఆనాడే ఆశా కార్యకర్తతో ఉపకేంద్రమునకు పంపుడు. సొమ్ము సంగతి తరువాత. డబ్బాను, రసీదును, కొరియరు చీటీని పారవేయనీయవలదు. ఏ ఛానలులో, ఏ తేదీన, ఏ గంటకు ప్రకటన వచ్చినదో వ్రాసి ఉంచుడు. సెల్‌ఫోనుతో తెరను ఫొటో తీసినచో మరింత మేలు. తప్పుదారి పట్టించు ప్రకటనమీద ఫిర్యాదును 2019 చట్టము ప్రకారము నేరుగా జిల్లా కలెక్టరుగారికే వ్రాసి యియ్యవచ్చును. ఢిల్లీ పోనక్కరలేదు, వకీలు అక్కరలేదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమువారు పలుకుదురు. నష్టపరిహారము కోరువారు తాము నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషను నందే రెండు సంవత్సరములలోపల దావా వేయవచ్చును. వస్తువునకు చెల్లించిన వెల 5 లక్షల రూపాయలలోపల ఉన్నచో రుసుము లేదు. మందుగా అమ్మినదైనచో డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు, ఆహారముగా అమ్మినదైనచో ఆహార భద్రతాధికారికి తెలుపవలెను.

మందో ఆహారమో ఎట్లు తెలియును? డబ్బామీద ఆహార భద్రతా సంస్థవారి 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉన్నచో అది చట్టము దృష్టిలో ఆహారమే గాని మందు కాదు. ఆరోగ్య పోషకమని పేరు పెట్టి అమ్ము డబ్బాలమీద 'ఔషధముగా వాడుటకు కాదు' అని అచ్చువేయవలెనని నియమము గలదు. తెరమీద చక్కెర వ్యాధిని మాన్పునని చెప్పినదే, డబ్బామీద నేను మందును కానని చెప్పుకొనుచున్నది! ఆ మాట సాధారణముగా ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరములతో ఉండును.

నేను అటువంటి డబ్బాలు మూడు తెచ్చి ఈ బల్లమీద పెట్టినాను. పేర్లమీద కాగితము అంటించియున్నాను. ఎవరి సరకు అను ప్రశ్న నేడు మనకు వలదు. ప్రక్కనే భూతద్దము గలదు. భోజనమునకు లేచుటకు మునుపు ఒక్కొక్కరు వచ్చి, ఆ మాట ఎచ్చట అచ్చువేసిరో వెదకి చూడుడు. ఇంగ్లీషు చదువురాని వారికి మా ఆరోగ్య కార్యకర్త చదివి చెప్పును.